నీటి లెక్కకు గతకాలపు సాక్ష్యము



బోధన్ ప్రాంతమున చెరకు నాటు రైతు పన్నెండు నెలలకు పూచీ పడుచున్నాడు. వరి వేసినవానికి నాలుగైదు నెలలలో ఫలితము తేలిపోవును. వాన తప్పినచో ఒక పంట పోవును. మరుపంటమీద ఆశ మిగులును. చెరకు సంగతి అట్లు కాదు. ముచ్చె నేలలో పెట్టిననాటినుండి గడ నరికి బండి కెత్తువరకు ఇంచుమించు ఏడాది పట్టును. ఆపైన కార్శి తోట ఉంచినచో రెండవ ఏడును ఆ నేల దానికే అంకితము. ఈ పంటకు మొత్తముమీద 1500 మొదలు 2500 మిల్లీమీటర్ల నీరు కావలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. నిజామాబాదు ప్రాంతమున ఏటికి సగటున కురియు వాన సుమారు 1000 మిల్లీమీటర్లు. అందులోను అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకే కురియును. మిగిలిన నీరు బావినుండియో కాలువనుండియో రావలెను. కాలువకు నీరు మంజీరనుండి రావలెను.

మంజీర ఏటికెంత నీరిచ్చును? చెరకు నాటువాడును, వరి నాటువాడును, పట్టణమునకు త్రాగునీరు పంపు ఇంజనీరును, అందరును అడుగు ప్రశ్న ఇది. దీనికి జవాబు గతకాలమునుండియే రావలెను. రాబోవు వానను ఎవరును ముందుగా కొలువలేరు. కురిసిన వానను మాత్రమే కొలువగలము. ఐతే ఎంత గతకాలమును చూడవలెను? పదియేండ్లా, ఏబదియేండ్లా, ఐదువందల యేండ్లా? ఈ దినము ముచ్చటింపదలచినది ఈ విషయమే. వ్యాపారి పద్దు పుస్తకము ఒక్క పండుగ నెలదే ఐనచో అతడు తన ఆదాయమును ఎక్కువగా ఊహించుకొనును. నదుల విషయమునను అంతే. పద్దు పొట్టిదైనప్పుడు ఎంతటి నేర్పరి లెక్కించినను పొరపాటు పడుటకు అవకాశమున్నది.

మొదట మన నదిని ఒకమారు స్మరింతము. మంజీర మహారాష్ట్రములోని బీడ్ జిల్లాలో బాలాఘాటు కొండలలో పుట్టుచున్నది. కర్ణాటకములోని బీదరు సీమను దాటి, సంగారెడ్డి ప్రాంతమున వంపు తిరిగి ఉత్తరమునకు మళ్ళి, బోధనుకు చేరువగా కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. ఈ నదిపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ 1923లో ఆరంభించి 1931 నాటికి ముగించిన కట్టడమే నిజాంసాగరము. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. ఆయన 1877 జూలై 11వ తేదీన జన్మించినారు. ఆ యేడు దక్షిణాపథమంతయు ఘోరమైన కరువులో ఉన్నది. ఆ తేదీని తెలంగాణము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది.

నిజాంసాగరము ఆనాడు నిజామాబాదు జిల్లాలోనిది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత కామారెడ్డి జిల్లాలో చేరినది. తొలినాట దాని సామర్థ్యము 29.7 టీఎంసీలు. ఒక టీఎంసీ అనగా వందకోట్ల ఘనపుటడుగులు. ఆ నీటిని చదునైన నేలమీద ఒక అడుగు లోతున పరచినచో సుమారు 23,000 ఎకరములు నిండును. ఈ జలాశయమును నమ్ముకొని 2,75,000 ఎకరముల ఆయకట్టును, 155 కిలోమీటర్ల ప్రధాన కాలువను తీర్చిదిద్దిరి. ఆ కాలువ నీటిని చూచియే కృష్ణా, గోదావరి డెల్టాలనుండి రైతులు వచ్చి ఈ సీమలో క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. ఆ నీటిని చూచియే 1937లో బోధనువద్ద శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా అది పేరుపొందినది. ఇంత బ్రతుకు, ఇంత ధనము, ఇందరి ఆశ ఒక అంచనామీద నిలిచినవి. ఈ నది ఏటికింత నీరు తెచ్చుననునదే ఆ అంచనా.

అట్టి అంచనాను ఇప్పటి ఇంజనీర్లు ఎట్లు వేయుదురు? వారు నదికొక గణిత నమూనాను కట్టుదురు. పేరు పెద్దదే కాని సారము మన ఇంటి జమాఖర్చు పుస్తకమే. నిజాంసాగరమునకు పైన నీరు పారివచ్చు భూమి 21,694 చదరపు కిలోమీటర్లు. దానిమీద కురియు వాన జమ. నేల పీల్చుకొనునది, చెట్లు త్రాగునది, ఎండకు ఆవిరియగునది ఖర్చు. మిగిలినది వాగులలో పడి నదికి చేరును. ఈ లెక్కను దినమునకొకమారో నెలకొకమారో వేసికొనుచు పోవుదురు. నదిలో నిజముగా కొలిచిన ప్రవాహముతో ఈ లెక్క సరిపోవువరకు లోపలి గుణకములను సవరింతురు. సరిపోయిన పిమ్మట ఏ సంవత్సరపు వానను దానికి అందించినను, ఆ సంవత్సరమున జలాశయము ఎంత నిండియుండునో, కాలువకు ఎన్ని తడులు దొరకియుండునో అది చెప్పగలదు.

దీనినుండి నమ్మదగిన నీరను మాట వచ్చినది. గడచిన సంవత్సరముల ప్రవాహములను ఎక్కువనుండి తక్కువకు వరుసగా పేర్చి, నూటికి 75 సంవత్సరములలో తప్పక లభించు మొత్తమును తీసికొందురు. సేద్యపు పథకములకు మనదేశమున సాధారణముగా వాడు కొలబద్ద ఇదే. నూటికి 25 ఏండ్లు లోటు కలుగునని ముందే అంగీకరించిన లెక్క ఇది. ఐతే ఆ పేర్చిన సంవత్సరములు ఏవి? ఎన్ని? ఇక్కడనే చిక్కున్నది. ఇందుకు మూడు నిదర్శనములు చూతము. ఒకటి మన ఊరిది, ఒకటి మన రాష్ట్రములది, ఒకటి పరదేశమునది.

మన ఊరి నిదర్శనము పూడిక. వరద వట్టి నీటిని మాత్రమే తీసికొని రాదు, మట్టినికూడ తెచ్చును. నిజాంసాగరమున ఏటికి 530 ఎకరపుటడుగుల పూడిక చేరునని మొదట అంచనా వేసిరి. ఒక ఎకరములో ఒక అడుగు మందమున పేరుకొను మట్టి ఒక ఎకరపుటడుగు. తరువాత కొలిచి చూడగా ఏటికి 8,725 ఎకరపుటడుగులు చేరుచున్నట్లు తేలినది. అంచనాకు ఇది పదునారు రెట్లు. 1970 దశకము నాటికి జలాశయపు సామర్థ్యము 12 టీఎంసీలకు దిగువకు పడినది. అంతట పూర్తి నీటిమట్టమును నాలుగున్నర అడుగులు పెంచి 1405 అడుగులకు చేర్చి, సామర్థ్యమును 17.8 టీఎంసీలకు తెచ్చిరి. పెంచిన తరువాత మిగిలిన లోటును లెక్కించి చూడుడు. అది దాదాపు 12 టీఎంసీలు. తొలినాటి ఆయకట్టు 2,75,000 ఎకరములంతటను ఒక అడుగు లోతున నిలువగల నీరది. కాలువ చివరి భూములకు గోదావరినుండి అలీసాగరము, గుత్ప ఎత్తిపోతల ద్వారా నీరు తోడవలసి వచ్చుటకు ఈ లోటుకూడ ఒక కారణము. ఆ ఇంజనీర్ల నేర్పునకు ఇందువలన మచ్చ రాదు. నదులలో పారు మట్టిని ఏండ్ల తరబడి కొలిచిన పద్దులు ఆ రోజులలో మనదేశమున అరుదు. పద్దు లేనిచోట ఊహ పని చేయవలసి వచ్చినది.

రెండవ నిదర్శనము కృష్ణానది. బచావత్ న్యాయాధికరణము 1973లో ఇచ్చిన తీర్పునకు 1894–95 మొదలు 1971–72 వరకు గల 78 సంవత్సరముల ప్రవాహములు ఆధారము. ఆ లెక్కన నూటికి 75 ఏండ్లు నమ్మదగిన నీరు 2,060 టీఎంసీలు. తరువాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ న్యాయాధికరణము 2010లో 1961–62 మొదలు 2007–08 వరకు గల 47 సంవత్సరములను తీసికొన్నది. అదే 75 పాళ్ళ నమ్మకమునకు 2,173 టీఎంసీలు వచ్చినవి. నది ఒక్కటే, కొలబద్ద ఒక్కటే, ఐనను తేడా 113 టీఎంసీలు. ఈనాటి నిజాంసాగరము వంటివి ఆరు నింపగల నీరది. ఎగువ వాడకమును లెక్కించు పద్ధతులుకూడ ఇందులో కలసియున్న మాట నిజమే. ఐనను ఏ సంవత్సరములను పుస్తకములో చేర్చితిమను ప్రశ్న ఎంత బరువైనదో ఈ రెండు సంఖ్యలు చెప్పుచున్నవి.

మూడవది అమెరికాలోని కొలరాడో నది. మన నిజాంసాగరమునకు పునాది పడుటకు ఒక్క యేడు ముందు, అనగా 1922లో, ఆ నది నీటిని ఏడు రాష్ట్రములు పంచుకొనినవి. ఏటికి ఒక కోటి అరువదినాలుగు లక్షల ఎకరపుటడుగుల నీరున్నదని నాడు అనుకొనిరి. కాని వారి చేతిలోనున్న కొలతలు ఇరువది, ముప్పది యేండ్లవి; అందులోను ఆ యేండ్లు అరుదైన మంచి వానల యేండ్లు. 1976లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ నదీప్రాంతపు ముదురు వృక్షముల వలయములను చదివి, శతాబ్దముల సగటు ఒక కోటి ముప్పదియైదు లక్షల ఎకరపుటడుగులే యని చెప్పిరి. లేని నీటిని కాగితముమీద పంచుకొనిన ఫలితమును ఆ రాష్ట్రములు నేటికిని అనుభవించుచున్నవి.

ఇంతవరకు సగటు మాట చెప్పితిని. సగటుకంటె సూక్ష్మమైన సంగతి ఒకటి కలదు. హరస్టు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు తన జీవితములో చాలకాలము ఈజిప్టులో నైలునదిని పరిశీలించుచు గడిపెను. కైరోవద్ద రోడా ద్వీపములో నదిమట్టమును కొలుచు రాతిస్తంభమున్నది. అచ్చటి కొలతలు క్రీ.శ. 622 నుండి లభించుచున్నవి. ఆ శతాబ్దముల పద్దును పరిశీలించి 1951లో ఆయన ప్రకటించిన సారాంశమిది: మంచి యేండ్లు, చెడ్డ యేండ్లు జూదపు పాచికలవలె విడివిడిగా పడవు, గుంపులుగా వచ్చును.

దీని భావము మన కాలువకు అన్వయింపుడు. పదియేండ్లలో ఐదు మంచివి, ఐదు చెడ్డవి యనుకొందము. ఒకటి విడిచి ఒకటి వచ్చినచో మంచియేటి నీరు చెడ్డయేటిని కొంత ఆదుకొనును. రైతు అప్పు తీర్చుకొని మరల నిలువద్రొక్కుకొనును. అవే ఐదు చెడ్డయేండ్లు వరుసగా వచ్చినచో జలాశయము మొదటి రెండేండ్లలోనే అడుగంటును; బావులు ఎండును; చెరకు విత్తనముకూడ మిగులదు. సగటు రెండుచోట్ల ఒకటే, బ్రతుకులు మాత్రము వేరు. 2014, 2015 సంవత్సరములలో దేశమున ఋతుపవనములు వరుసగా రెండేండ్లు బలహీనపడినవి. రెండవ యేడు సింగూరు, నిజాంసాగరము రెండును అడుగంటినవి. 2016 సెప్టెంబరు వరదలతో అవి మరల నిండినవి. రెండేండ్ల వరుసకే ఇంత ఐనప్పుడు ఐదేండ్ల వరుస, పదియేండ్ల వరుస ఈ నదికి ఎన్నడైన సంభవించినదా యని అడుగవలసియున్నది. ముప్పదియేండ్ల పద్దు దీనికి జవాబు చెప్పజాలదు. శతాబ్దముల పద్దు కావలెను.

అట్టి పద్దులు ఎక్కడ దొరకును? మొదటిది వానకొలత. మద్రాసులో 1813 నుండి వానను కొలిచిన లెక్కలు కలవు. దేశమంతటికిని వాతావరణశాఖ 1875లో ఏర్పడినది. దేశపు ఋతుపవన వర్షములకు 1871 నుండి ఎడతెగని వరుసను శాస్త్రజ్ఞులు కూర్చినారు. అనగా నూటయేబది యేండ్ల పద్దు మనకు చేతనున్నది. అందులో 1877, 1899, 1918, 1972, 2002 వంటి చెడ్డయేండ్లు నమోదై యున్నవి. గత ముప్పది యేండ్లలోనే నిలిచిపోవువాడు వీనిలో పెక్కింటిని చూడనే చూడడు.

రెండవది మనుష్యుల జ్ఞాపకము. మన పెద్దలు కరువులకు సంవత్సరముల పేర్లు పెట్టిరి. ధాత కరువనగా 1876–77 నాటిది. గుంటూరు సీమను ఊడ్చివేసిన డొక్కల కరువు నందన సంవత్సరపుది, అనగా 1832–33 నాటిది. ఐతే ధాత, నందన మొదలగు పేర్లు అరువదియేండ్ల కొకమారు తిరిగి వచ్చును. ఏ చక్రమునందలి ధాతయో నిర్ణయింపనిదే ఆ జ్ఞాపకము లెక్కకు పనికిరాదు. అట్లే నిజాం రాజ్యపు కాగితములు ఫసలీ సంవత్సరములలో నుండును. ఫసలీ అంకెకు 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. తేదీని సరిగా బిగించినప్పుడే కథ సాక్ష్యముగా మారును.

మూడవది ప్రకృతి స్వయముగా వ్రాసికొనిన పద్దు. టేకుచెట్టు ఏటికొక వలయము చొప్పున పెరుగును. వాన మెండైన యేడు వలయము వెడల్పుగాను, కరువుయేడు సన్నముగాను ఏర్పడుట సామాన్యము. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనసంస్థవారు కేరళ టేకుచెట్లనుండి 523 సంవత్సరముల వలయముల వరుసను కూర్చి 2010లో ప్రకటించిరి. కరువుయేండ్ల గుర్తులు అందులో కనబడుచున్నవి. అదే సంవత్సరమున ఆసియా ఖండపు 300 పైచిలుకు వలయముల వరుసలను కలిపి గత ఏడువందల యేండ్ల కరువుల పటమును శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. 1756 మొదలు 1768 వరకు, 1790 మొదలు 1796 వరకు, 1876 మొదలు 1878 వరకు సాగిన దీర్ఘమైన అనావృష్టులను అందులో గుర్తించిరి. మొదటిదానిని గమనింపుడు. పదియేండ్లకు పైబడిన కాలమది. వానకొలత పాత్రలు మన పల్లెలకు రాకముందే అది గడచిపోయినది.

గుహలలో చుక్కచుక్కగా దిగు నీరు పొరలుపొరలుగా సున్నపురాయిని పేర్చును. ఆ పొరలలోని ఆమ్లజని రకములను బట్టి ఆనాటి వాన బలమును గుర్తింపవచ్చును. బస్తరు అడవులలోని దండక గుహనుండి తీసిన అట్టి రాయి క్రీ.శ. 600 మొదలు 1500 వరకు ఋతుపవనముల చరిత్రను తెలిపినది. పదునాలుగు, పదునైదు శతాబ్దములలో దశాబ్దముల తరబడి వానలు బలహీనపడిన కాలములు కలవని అది చెప్పుచున్నది. ఇక గోదావరి తాను మోసికొనిపోయిన మట్టిని బంగాళాఖాతపు అడుగున భద్రపరచినది. నదీముఖమునకు ఎదుట సముద్రగర్భమునుండి తీసిన ఆ మట్టిపొరలలో, ఏనాటి చెట్ల ఆకులనుండియో రాలిన మైనపు అణువులు నిలిచియున్నవి. వానినిబట్టి ఈ నదీప్రాంతపు పది వేలయేండ్ల తడియును, పొడియును శాస్త్రజ్ఞులు చదివినారు. గత నాలుగు వేలయేండ్లుగా ఈ సీమ పొడిబారుచు వచ్చినదని 2012లో ప్రకటించిరి. మంజీర తెచ్చిన మట్టికూడ ఆ పొరలలో కలసియుండకపోదు.

ఈ పాతసాక్ష్యమును నమూనాలోనికి ఎట్లు తెత్తురు? పద్ధతి సులభముగా చెప్పవచ్చును. వలయములును, వానకొలతలును రెండును లభించు నూరేండ్లను తీసికొందురు. అందులో సగము యేండ్లతో, ఇంత వెడల్పు వలయమునకు ఇంత వానయని సంబంధము కట్టుదురు. మిగిలిన సగమును దాచియుంచి, ఆ సంబంధము వానిని సరిగా చెప్పునా యని పరీక్షింతురు. పరీక్షలో నెగ్గినచో దానినే వెనుకటి శతాబ్దములకు అన్వయింతురు. అట్లు లభించిన పాతవానను నమూనాలో పోసి, నేటి జలాశయమును దాని యెదుట నిలుపుదురు. ఆనాటి వాన కురియవలెను. కట్ట మాత్రము ఈనాటిదై యుండవలెను. 29.7 టీఎంసీల కొత్త నిజాంసాగరము కాదు, పూడిక నిండి 17.8 టీఎంసీలతో మిగిలిన నిజాంసాగరము. దానికి ఎగువన ముప్పది టీఎంసీల సింగూరు జలాశయమున్నది; భాగ్యనగరపు దాహమున్నది; మహారాష్ట్ర, కర్ణాటకములలో మంజర, కారంజ జలాశయములున్నవి. 1756 మొదలు 1768 వరకు వచ్చిన వంటి అనావృష్టి ఇప్పుడు వచ్చినచో ఏ యేట కాలువ మూయవలసి వచ్చును? ఎన్ని ఎకరముల చెరకును కాపాడవచ్చును? త్రాగునీటికి ఎంత నిలువ ఉంచవలెను? ఇట్టి ప్రశ్నలను కరువు రాకముందే కంప్యూటరులో వేసి చూడవచ్చును.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు అవసరము. చెట్టువలయము ఏటిమొత్తమును చెప్పును గాని, ఆగస్టు పదియవ తేదీని వచ్చిన వరదను చెప్పజాలదు. గుహ రాయి దశాబ్దముల నడకను తెలుపును గాని ఒక్కొక్క యేటిని విడదీయుట కష్టము. కేరళ చెట్టు చెప్పిన సాక్ష్యమును బీదరు సీమకు యథాతథముగా అంటగట్టరాదు. దగ్గరి అడవుల చెట్లు చెప్పునది వేరుగా ఉండవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక్క అంకెను చెప్పి ఊరుకొనరు. ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదని రెండు హద్దులు చెప్పుదురు. ఆ హద్దుల నడుమ వెడల్పునుకూడ రైతునకు తెలుపుట ధర్మము.

మరియొక ముఖ్యమైన సంగతి. భూగోళము వేడెక్కుచున్న ఈ కాలమున గతమే భవిష్యత్తునకు పూర్తి అద్దమని చెప్పుటకు వీలులేదు. ఎండ పెరిగినచో అదే వానకు నదిలో చేరు నీరు తగ్గును. గాలి వేడెక్కినచో తేమను ఎక్కువగా మోయును. కురిసినప్పుడు కుండపోతగా కురియుటకు అవకాశము హెచ్చును. 2025 ఆగస్టు చివరిదినములలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన శ్రోతలలో పలువురకు గుర్తుండును. 1922లో పూర్తియైన పోచారము కట్టడముమీదుగా నాడు వరద పొంగి పొరలినది, కట్టడము నిలిచినది. మరి అట్లైన పాతపద్దులతో పని యేమి యని కొందరు అడుగవచ్చును. పని కలదు. మనుష్యుల పొగగొట్టములు ఇంకను వెలువడని రోజులలోనే ఈ ఋతుపవనము పదియేండ్ల అనావృష్టిని తేగలిగినదని పాతపద్దు చెప్పుచున్నది. ఒకమారు జరిగినది మరల జరుగదను పూచీ లేదు. దానిపైన కొత్త వేడిమి చేర్చి లెక్కించుట వివేకము.

శక్కర్‌నగరపు కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అందుకు కారణములు అనేకములు. నీటికొరత ఒక్కటే కాదు. ఐనను ఈ సీమలో చెరకు ఎంతవరకు తగును, వరి ఎంతవరకు తగును, పసుపు ఎంతవరకు తగును అను ప్రశ్న యంత్రములు తిరిగినను తిరుగకున్నను మన ముందున్నది. ఏడాది పంటను నమ్ముకొని యంత్రము పెట్టువాడు, ఆ పంటకు నీరు వరుసగా ఎన్ని యేండ్లు తప్పవచ్చునో ముందుగా తెలిసికొనవలెను. మంచియేండ్లను చూచి విస్తీర్ణము పెంచుకొని, చెడ్డయేండ్లలో తోటలను ఎండగట్టుకొనుట ఏ రైతునకును ఇష్టము కాదు. దీర్ఘకాలపు లెక్క చేతనున్నచో, జలాశయము ఇంత మట్టమునకు దిగినప్పుడు చెరకునకు ఇంత, వరికి ఇంత, త్రాగుటకు ఇంతయని ముందే ఒక కట్టడి చేసికొనవచ్చును. కరువు నడుమ కూర్చుండి వాదులాడుటకంటె అది మేలు.

ఈ పనిలో శాస్త్రజ్ఞులకే కాక మనకును భాగమున్నది. తాలూకా కచేరీలలోని పాత వానలెక్కలు, కాలువ తూముల వద్ద నీరు వదలిన పుస్తకములు, పట్వారీల పహాణీలు, జమాబందీ కాగితములు, చెరువు అలుగు పారిన సంవత్సరములను వ్రాసికొనిన ఇంటి పద్దులు, గానుగయేటికి ఎన్ని బండ్ల చెరకు తోలినదీ గుర్తుంచుకొనిన రైతుల చిట్టాలు, ఇవన్నియు నదిచరిత్రలోని పుటలు. కొన్ని ఉర్దూలో నున్నవి. కొన్నింటికి చెదలు పట్టుచున్నవి. తేదీయు, స్థలమును, కొలమానమును తెలిసిన ఒక్క వరుస లభించినను, చెట్టువలయములు చెప్పునది నిజమో కాదో పరీక్షించుటకు అది ఉపకరించును. అట్టి పుస్తకము ఎవరియింటనైన నున్నచో తూకమునకు వేయక, జిల్లా పురావస్తు కార్యాలయమునకో విశ్వవిద్యాలయమునకో చూపుడు. పిల్లలకు పాఠశాలలో ఒక వానకొలత పాత్రను అమర్చి, ఉదయము ఎనిమిదిన్నరకు ప్రతిదినము చూచి వ్రాయుట నేర్పుడు. వాన కురియని దినముననుకూడ సున్నయని వ్రాయవలెను; ఆ సున్నలోనే కరువు లెక్క ఉన్నది.

మంజీరకు కట్ట కట్టినవారు తమ చేతనున్న కొద్దిపాటి పద్దుతో తొంబది యేండ్లకు పైగా నిలిచిన పనిని చేసిరి. మన చేతిలో అంతకంటె పొడుగైన పద్దున్నది. దానిని తెరచి చదువుకొని, అందులోని చెడ్డయేండ్లనుకూడ లెక్కలో చేర్చుకొని, అటు పిమ్మట ముచ్చె నాటుట మేలు.